పక్క గుంటకు కబురు

అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలున్నవాళ్లకు వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున్నే గట్టు వారన నీరసంగా తేలే రొయ్యలు, తల పెంకు మీద తెల్లమచ్చలు. కబురు తెలియగానే చుట్టుపక్కలవాళ్లు కాలవ నీళ్లు తోడటం ఆపేస్తారు, పీతలు పాకి రాకుండా కట్టిన వల సరిచూసుకుంటారు. ఆ కబురుతో బతికేది పక్క గుంట.

వైరస్ సోకిన కణం పక్క కణాలకు పంపే అలాంటి కబురు పేరు ఇంటర్‌ఫెరాన్, అదొక ప్రోటీన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు వేడికి చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు పొరకు తగిలించారు. ఆ పొర ఊరిన ద్రవం పోస్తే, కొత్త పొరలో బతికున్న వైరస్ కూడా పెరగలేదు.

హెచ్‌ఐవి తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుంటుంది, దాన్ని క్యాప్సిడ్ అనే డొల్లలో దాచుకుని తిరుగుతుంది. అయినా ఒక్కోసారి కణంలో డీఎన్‌ఏను పసిగట్టే సీగ్యాస్ ప్రోటీన్‌కు దొరికిపోతుంది. అప్పుడు ఇంటర్‌ఫెరాన్ బయటికొచ్చి పక్క కణం మీద కబురు అందుకునే గ్రాహకానికి (రిసెప్టర్) అంటుకుంటుంది. లోపల జాక్ ఎంజైములు స్టాట్ ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఆ స్టాట్‌లు కేంద్రకంలోకి పోయి వైరస్‌ను అడ్డుకునే వందల జన్యువులను లేపుతాయి.

వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లలో నాకు నచ్చింది టెథరిన్. కణం పొర నుంచి ఊడిపోబోయే కొత్త వైరస్‌ను తాడేసి కట్టినట్టు అక్కడే పట్టి ఉంచుతుంది. హెచ్‌ఐవి ఏమైనా తక్కువ తిన్నదా? వీపీయూ అనే ప్రోటీన్‌తో ఆ తాడును పొర మీద లేకుండా చేస్తుంది.

అసలు చిక్కు కబురు ఆగకపోతేనే. ఎండాకాలంలో భయపడి రోజుల తరబడి కొత్తనీళ్లు పెట్టకపోతే ఉప్పు పెరిగి రొయ్య గిడసబారుతుంది కదా, ఇదీ అంతే. 2014లో వచ్చిన రీసస్ కోతుల ప్రయోగంలో, మొదట్లోనే ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసేస్తే ఎస్‌ఐవి (కోతుల్లో హెచ్‌ఐవికి చుట్టం) రెచ్చిపోయింది. ఇంటర్‌ఫెరాన్ ఎక్కిస్తే మొదట వైరస్ అంటుకోలేదు. ఎక్కిస్తూనే పోతే కణాలు దాన్ని లెక్కచేయడం మానేశాయి, వైరస్ దాక్కున్న కణాలు పెరిగాయి. ఆఫ్రికాలోని సూటీ మాంగబే కోతుల ఒంట్లో ఎస్‌ఐవి దండిగానే ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ గోల మాత్రం కొన్ని వారాల్లో సద్దుమణుగుతుంది, వాటికి మామూలుగా ఎయిడ్స్ రాదు.

2004 నుంచి మన ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవి చికిత్స) సెంటర్లలో ఉచితంగా ఇస్తున్న మాత్రలు ఈ కబురు జోలికి పోవు, వైరస్ పెరగడాన్నే ఆపుతాయి. వైరస్ తగ్గాక గోలా చాలావరకు తగ్గుతుంది. మాత్రలు మానేస్తే మాత్రం, దాక్కున్న కణాల నుంచి సాధారణంగా కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. పంటకూ పంటకూ మధ్య గుంటను ఎండగట్టినట్టు ఆ కణాలను ఎండగట్టే మందు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.