స్టాండింగ్ డెస్క్ కొనే ముందు: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్నవాళ్లకు బల్లలు, కుర్చీలు బిగించడం నా పని. స్టాండింగ్ డెస్క్, అంటే కూర్చునీ నిలబడీ పనిచేసేలా ఎత్తు మార్చుకునే బల్ల, కావాలని ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఎంత ఎత్తుకు లేస్తుంది?" నేను తిరిగి అడిగేది, ఎంత కిందికి దిగాలి అని.

అపోహ: పైకి బాగా లేచేదే మంచి డెస్క్.

వాస్తవం: మన ఎత్తులకు పైన ఇబ్బంది తక్కువ, కిందే ఎక్కువ. పోయినేడు కొర్లగుంటలో ఒకమ్మాయి పిలిచింది. ఎత్తు ఐదడుగులు. "అన్నా, ఇది కొన్నప్పటి నుంచి భుజాలు పీకేస్తా ఉండాయి" అంది. కూర్చోబెట్టి టేపు పెట్టాను. బల్లను పూర్తిగా దించినా నేల నుంచి 72 సెంటీమీటర్లు ఉంది. ఆమె మోచేయి 62 దగ్గర. ఆ పది సెంటీమీటర్ల కోసం రోజంతా భుజాలు ఎత్తిపెట్టి టైపు చేస్తోంది. కుర్చీ పెంచితే పాదాలు నేలకు ఆనడం లేదు. చివరికి కుర్చీ పెంచి, కాళ్ల కింద చెక్కపీట చేయించి ఇచ్చాను. కొనకముందే కొలిచి ఉంటే ఆ నొప్పే వచ్చేది కాదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డెస్క్ కాలులో గొట్టంలోకి గొట్టం దూరుతుంది. రెండు గొట్టాల కాలు సాధారణంగా 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మూడు గొట్టాలది 60–62 దాకా దిగుతుంది. ఎత్తు తక్కువున్నవాళ్లు మూడు గొట్టాలదే చూడండి. ఇంకొకటి, రాసిన ఎత్తులో పైచెక్క కలిసిందో లేదో అడగండి. ఫ్రేము ఎత్తు మాత్రమే రాసి ఉంటే, దానిమీద 25 మిల్లీమీటర్ల చెక్క వచ్చి కూర్చుంటుంది.

కొలత తేలికే. మోచేయి లంబంగా వంచి, నేల నుంచి మోచేతి కింది దాకా కొలవండి. ఒకసారి కూర్చుని, ఒకసారి నిలబడి. బల్ల ఆ రెండు ఎత్తులకూ రావాలి. ఇంట్లో చెప్పులు వేసుకోం కాబట్టి ఉత్త కాళ్లతోనే కొలవాలి.

అపోహ: నిలబడి పనిచేస్తే బరువు తగ్గుతాం.

వాస్తవం: కూర్చున్నప్పటికంటే గంటకు ఎనిమిది, పది కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి, అంతే. ఐదారు గంటలు నిలబడితే ఒక ఇడ్లీ.

అపోహ: ఎంతసేపు నిలబడితే అంత ఆరోగ్యం.

వాస్తవం: అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు చేరినవాళ్లే, దర్శనం క్యూలో గంటసేపు ఒకేచోట నిలబడితే కాళ్లు లాగుతున్నాయంటారు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ, వదులవుతూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. కదలకుండా నిలబడితే ఆ తోపు ఉండదు, కాళ్లు వాస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ అలన్ హెడ్జ్ చెప్పిన లెక్కనే నేను అందరికీ చెబుతాను: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చోవడం, 8 నిమిషాలు నిలబడటం, 2 నిమిషాలు అటూ ఇటూ కదలడం. టైల్స్ మీద ఉత్త కాళ్లతో నిలబడితే మడమలు నొప్పెడతాయి, మెత్తటి మ్యాట్ వేసుకోండి. వేరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బిన సిరలు) ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

అపోహ: డెస్క్ మార్చితే మెడనొప్పి పోతుంది.

వాస్తవం: ల్యాప్‌టాప్ నేరుగా బల్లమీద పెడితే నిలబడినా తల వంచాల్సిందే. స్టాండు మీద పెట్టి స్క్రీన్ పై అంచును కంటి మట్టానికి తెచ్చుకోండి. కీబోర్డు, మౌస్ విడిగా కొనాలి.

అపోహ: కరెంటు పోతే మోటారు డెస్క్ దండగ.

వాస్తవం: ఉన్న ఎత్తులోనే ఆగుతుంది, దానంతటదే కిందికి జారదు. కరెంటు వచ్చాక మొరాయిస్తే, చాలా మోడళ్లలో కిందికి దించే బటన్ పూర్తిగా దిగేదాకా నొక్కి పట్టుకుంటే సర్దుకుంటుంది.

అపోహ: 120 కేజీలు మోస్తుందంటే గట్టి డెస్క్.

వాస్తవం: మోయడం వేరు, ఊగకుండా నిలవడం వేరు. మన చిత్తూరు వైపు గ్రానైట్ దొరుకుతుంది కదా, పైన అదే వేయమనేవాళ్లు ఉన్నారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం రాయి 36 కేజీల దాకా తూగుతుంది. అదే కొలతలో 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దాదాపు 12 కేజీలే. నేనైతే రాయి వద్దనే చెబుతాను. షాపుకు వెళ్లినప్పుడు డెస్క్‌ను మీరు నిలబడే ఎత్తుకు లేపించి, ఒక గ్లాసు నీళ్లు పెట్టి, మీ కీబోర్డు మీద రెండు నిమిషాలు టైపు చేయండి. చేతులు తీశాక కూడా నీళ్లు ఊగుతూనే ఉంటే ఇంకో డెస్క్ చూపించమనండి.