బ్రిటన్ ఎన్నికల పందేలు: ఎవరికీ తెలియని ఫలితం, కొందరికే తెలిసిన తేదీ

2024 మే 22 సాయంత్రం లండన్‌లోని 10, డౌనింగ్ స్ట్రీట్ గుమ్మం ముందు వానలో తడుస్తూ నిలబడి, జులై 4న సార్వత్రిక ఎన్నికలు జరుగుతాయని ప్రధాని రిషి సునాక్ ప్రకటించారు. అక్టోబరు, నవంబరు దాకా ఎన్నికలు రావని అంతా అనుకుంటున్న రోజులు కావడంతో సొంత పార్టీ ఎంపీలే తెల్లబోయారు. ఆ ప్రకటనకు మూడు రోజుల ముందు, ప్రధానికి పార్లమెంటరీ ప్రైవేట్ సెక్రటరీగా ఉన్న ఎంపీ క్రెయిగ్ విలియమ్స్, ఎన్నికలు జులైలోనే వస్తాయని 100 పౌండ్ల పందెం కాశారు. బుకీ ఇచ్చిన రేటు ఒకటికి ఐదు, అంటే గెలిస్తే మిగిలేది 500 పౌండ్లు. సంగతి జూన్‌లో పత్రికకెక్కాక ఆయన తప్పు ఒప్పుకున్నారు. మరికొందరి పేర్లు కూడా బయటికి రావడంతో ప్రచారం సాగుతుండగానే అధికార కన్జర్వేటివ్ పార్టీ ఆయనతోపాటు మరో అభ్యర్థికీ మద్దతు ఉపసంహరించుకుంది.

తెలుగు పాఠకుడికి ఇందులో ముందుగా వింతగా తోచేది పందెం చట్టబద్ధం కావడమే. మన దగ్గర ఎన్నికల పందేలు చాటుమాటుగా, మధ్యవర్తి మీద నమ్మకంతో నడుస్తాయి. అక్కడ బజారులో బోర్డు పెట్టుకున్న దుకాణంలో రసీదు తీసుకుని మరీ కాయవచ్చు. అందువల్ల అక్కడ వివాదమంతా కాసినవాడికి ముందే ఏం తెలుసన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ ప్రశ్న మూలాలు అరవై ఏళ్ల వెనక్కు పోతాయి.

దుకాణంలో నగదు పెట్టి పందెం కాయడానికి 1960 నాటి చట్టం దారి తెరిచింది. 1961 మే నుంచి బెట్టింగ్ దుకాణాలు వెలిశాయి. అయితే గుర్రాలకు, కుక్కలకు అలవాటుపడిన బుకీలు రాజకీయాల్లో అడుగుపెట్టింది సార్వత్రిక ఎన్నికతో కాదు. 1963 అక్టోబరులో ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ అనారోగ్యంతో తప్పుకుంటున్నట్లు ప్రకటించినప్పుడు, ఆయన వారసుడు ఎవరన్న దానిపై లాడ్‌బ్రోక్స్ సంస్థ పందేలు తీసుకుంది. ఫేవరెట్ రాబ్ బట్లర్ కాగా, గెలిచింది ఒకటికి పదహారు రేటు పలికిన అలెక్ డగ్లస్-హోమ్. అప్పట్లో కన్జర్వేటివ్ పార్టీకి నాయకత్వ ఎన్నిక అనేదే లేదు. పెద్దలు నలుగురినీ 'సంప్రదించి' ఒక పేరు రాణికి చెప్పేవారు. అంటే బ్రిటన్ బుకీల తొలి రాజకీయ పందెమే గుప్పెడు మంది తలుపులు మూసుకుని తేల్చిన విషయం మీద జరిగింది! అప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో పందేల వ్యాపారం ఊపందుకుంది.

ఫలితం మీద కాసే పందెం తీరు వేరు. కోట్లాది ఓటర్లు ఏం చేస్తారో ప్రధానికీ తెలియదు, బుకీకీ తెలియదు. అందుకే ఇద్దరూ సర్వేల వైపు చూస్తారు. 1945లో న్యూస్ క్రానికల్ పత్రికలో వచ్చిన గాలప్ సర్వే లేబర్ ముందంజలో ఉందని చెబితే, యుద్ధం గెలిపించిన చర్చిల్ ఓడడమేమిటని జనం కొట్టిపారేశారు. లేబర్‌కు 393 సీట్లు వచ్చాయి. అలా సంపాదించిన పరువు 1970లో పోయింది. దాదాపు సర్వేలన్నీ, వాటి వెంట బుకీల రేట్లూ, లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్‌దే గెలుపన్నాయి. కన్జర్వేటివ్ నేత ఎడ్వర్డ్ హీత్ 30 సీట్ల మెజారిటీతో ప్రధాని అయ్యారు. 1992లోనూ అదే కథ. సర్వేలు లేబర్‌కు స్వల్ప ఆధిక్యం చూపితే కన్జర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ ఏడున్నర శాతం ఓట్ల తేడాతో గెలిచారు. 2015లో రెండు పార్టీలూ సమానమన్నారు. కన్జర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్‌కు 331 సీట్లు, సొంత మెజారిటీ దక్కాయి. ఆ తప్పుపై ప్యాట్రిక్ స్టర్గిస్ నేతృత్వంలో జరిగిన విచారణ, చివరి నిమిషంలో జనం మనసు మార్చుకున్నారన్న సాకును ఒప్పుకోలేదు. అసలు సర్వేకు దొరికిన మనుషులే దేశానికి సరైన నమూనా కాదని, అందులో లేబర్ ఓటర్ల పాలు ఎక్కువైందని తేల్చింది.

సర్వేలు తప్పినా డబ్బు పెట్టేవాడి అంచనా తప్పదని అక్కడొక వాదన ఉంది. చరిత్ర దానికి పెద్దగా సాక్ష్యం చెప్పదు. బుకీ రేటు పార్టీకి పడే ఓట్లను బట్టి కాక, దానిమీద పడే డబ్బు బరువును బట్టి మారుతుంది. ఆ డబ్బు పెట్టేవారు కూడా చదివేది అవే సర్వేలు. 2017లో కన్జర్వేటివ్ ప్రధాని థెరిసా మే ఘనవిజయం ఖాయమని పందేలు జోరుగా సాగుతున్న వేళ, ఆమెకు మెజారిటీ రాదని యూగవ్ సంస్థ నియోజకవర్గాలవారీ అంచనా వేస్తే నవ్వినవారే ఎక్కువ. చివరికి ఆమెకు వచ్చినవి మెజారిటీకి చాలని 317 సీట్లే.

ఈ అంచనాలన్నిటిలో నిలదొక్కుకున్నది ఎగ్జిట్ పోల్ ఒక్కటే. పోలింగ్ కేంద్రం నుంచి బయటికొచ్చిన ఓటరు చేతికి నమూనా బ్యాలెట్ ఇస్తారు. లోపల వేసినట్లే మళ్లీ గుర్తు పెట్టి, అక్కడున్న పెట్టెలో వేసి వెళ్లిపోవచ్చు. నోరు విప్పి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రొఫెసర్లు జాన్ కర్టిస్, డేవిడ్ ఫర్త్ రూపుదిద్దిన పద్ధతిలో వీలైనంత వరకు గతసారి కేంద్రాలకే మళ్లీ వెళ్లి, అక్కడ వచ్చిన మార్పును కొలుస్తారు. 2005లో లేబర్ మెజారిటీ 66 అని చెబితే సరిగ్గా 66 వచ్చింది. 2015లో కన్జర్వేటివ్‌లకు 316 అని రాత్రి పది గంటలకు ప్రకటించగానే, అది నిజమైతే తన టోపీ తింటానని లిబరల్ డెమోక్రాట్ నేత ప్యాడీ ఆష్‌డౌన్ టీవీలోనే అన్నారు. పోల్ చెప్పినదానికంటే నిజం ఆయన పార్టీకి ఇంకా చేదుగా తేలింది. 2024లో లేబర్‌కు 410 అంటే స్పీకర్‌ను మినహాయించి 411 వచ్చాయి. అయితే పోలింగ్ ముగిసేదాకా దాన్ని ప్రచురించడం నేరం కాబట్టి, కాసేవాడికి అది అందే సరికి ఓట్లన్నీ పెట్టెల్లో పడిపోయి ఉంటాయి.

ఇక తేదీ సంగతి. 2011లో వచ్చిన స్థిరకాల పార్లమెంటు చట్టం, ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్న అధికారాన్ని ప్రధాని చేతి నుంచి తీసేసి ఐదేళ్ల గడువు బిగించింది. ముందే జరపాలంటే సభ ఆమోదం కావాల్సివచ్చేది. 2022లో ఆ చట్టాన్ని రద్దు చేయడంతో పాత అధికారం ప్రధానికి తిరిగి దక్కింది. దాంతో ఎన్నికల నెల మీద పందెం మళ్లీ రక్తికట్టింది. ప్రధాని మనసులో మాట తెలిసిన సలహాదారులు, పార్టీ ఉద్యోగులు, వారి చుట్టూ తిరిగే మనుషులు అదే ఊళ్లో, ఫోన్‌లో అదే బెట్టింగ్ యాప్‌తో ఉన్నారు. పందెంలో మోసం చేస్తే 2005 గ్యాంబ్లింగ్ చట్టంలోని 42వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ముందే తెలిసి కాయడం మోసం కిందికి వస్తుందా అన్నది న్యాయస్థానం ముందుకు వెళ్లే ప్రశ్న. పందేల వ్యాపారాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ఈ సెక్షన్ కిందే 15 మందిపై అభియోగాలు మోపింది.

ప్రస్తుత పార్లమెంటు 2024 జులై 9న తొలిసారి సమావేశమైంది. దాన్ని ఎవరూ ముందే రద్దు చేయకపోతే 2029 జులై 9న దానంతటదే రద్దై, ఆగస్టులో పోలింగ్ జరుగుతుంది. ఆలోగా ఏ నెలలోనైనా ఎన్నికలు పెట్టించే అధికారం ఇప్పటికీ ప్రధాని చేతిలోనే ఉంది.