విశాఖ జైలు గోడ మీద కరెంటు తీగ

జైలు పరిస్థితులు బాగాలేవని ఖైదీ కోర్టుకెక్కిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: “నేరం చేసినవాడికి హక్కులేమిటి?” మన జైళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే, నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. ఆ సంగతి అలా ఉంచి, శిక్ష పడినవాళ్ళ విషయమే చూద్దాం. 1894 జైళ్ళ చట్టం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అసలు మలుపు 1974లో, మన విశాఖపట్నం సెంట్రల్ జైలు కేసులో ఉంది.

డి. భువన్ మోహన్ పట్నాయక్, మరికొందరు నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. జైలు గోడ మీద ప్రాణం తీసే కరెంటు తీగ బిగించారని, దానికి ఏ చట్టం ఒప్పుకుందని అడిగారు. న్యాయమైన ప్రశ్న. జైలు నుంచి పారిపోవడం నేరమే, కానీ దానికి ఏ కోర్టూ ఉరిశిక్ష వెయ్యదు. ప్రభుత్వానికీ తన భయం ఉంది: 1969లో నక్సలైటు నాయకుడు నాగభూషణ్ పట్నాయక్, మరికొందరు ఇదే జైలు నుంచి తప్పించుకున్నారు.

శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని జస్టిస్ వై.వి. చంద్రచూడ్ తీర్పులో రాశారు. ఆ తర్వాత పిటిషన్ కొట్టేశారు. రోజువారీ పనుల్లో ఖైదీకి ఆ తీగ తగిలే అవకాశమే లేదన్నారు. తీగకు చట్టం అనుమతి ఉందా అన్నది తర్వాత, ముందు మీ హక్కు ఏది పోయిందో మీరు చూపండి అన్నారు. నాలుగు గోడల మధ్య ఉన్నవాడు సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాడు? ఖైదీల హక్కుల మీద ఇవాళ్టి గొడవంతా ఈ చిక్కు నుంచే వచ్చిందని నా నమ్మకం.

హక్కులు పోవన్న ఆ మాటే 1978లో తీహార్ ఖైదీ సునీల్ బాత్రాకు పనికొచ్చింది. ఖైదీని ఎవరితోనూ కలవనివ్వకుండా ఒంటరి కొట్టులో పెట్టడం మీద ఆయన వేసిన కేసు జైలు అధికారుల చేతులు చాలావరకు కట్టేసింది. 2024 అక్టోబరు 3న వై.వి. చంద్రచూడ్ కొడుకు డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం, కులాన్ని బట్టి జైలు పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. కానీ ఆ కేసు వేసింది ఖైదీ కాదు, జర్నలిస్టు సుకన్య శాంత.

ఖైదీ తనంతట తాను అడిగితే? భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన పాద్రీ, ఆదివాసీ హక్కుల కార్యకర్త స్టాన్ స్వామి, పార్కిన్సన్స్ అనే నరాల జబ్బుతో చేతులు వణుకుతుంటే, 80 దాటిన వయసులో, నీళ్ళు తాగడానికి స్ట్రా, సిప్పర్ కావాలని 2020 నవంబరులో కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 జూలై 5న ఆయన కస్టడీలోనే చనిపోయారు. అప్పటికింకా కేసు విచారణే మొదలుకాలేదు.