త్వరగా ముగిసే ఆన్‌లైన్ డిగ్రీలు: సరిహద్దు జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల పిల్లలకు పై చదువుల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. ఉద్యోగం చేసుకుంటూ చదవదలచినవారు ఈ మధ్య తరచుగా అడిగేది, తమ వీలును బట్టి త్వరగా పూర్తిచేసే ఆన్‌లైన్ డిగ్రీని నమ్మవచ్చా అని. ఫీజు కట్టకముందే ఆ ప్రశ్న వేసుకునేవారిని చూస్తే నాకు నిజంగా సంతోషం కలుగుతుంది.

అపోహ: త్వరగా పూర్తయిన డిగ్రీ ఏదైనా బూటకమే.

వాస్తవం: అమెరికాలో 1997లో ఏర్పడిన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ ఆరు నెలల టర్ముకు ఒకే ఫీజు తీసుకుని, ఆ వ్యవధిలో విద్యార్థి ఎన్ని సబ్జెక్టుల్లో సామర్థ్యం నిరూపించుకుంటే అన్నిటినీ ముగించనిస్తుంది. దానికి అక్రెడిటేషన్ (నాణ్యతకు అధికారిక గుర్తింపు) ఉంది. ఏళ్ల తరబడి అకౌంట్స్ చూసిన ఉద్యోగి ఆ సబ్జెక్టును కొద్ది వారాల్లో దాటగలగడంలో అనుమానించవలసినదేమీ లేదు. అయితే అధ్యాపకులకూ విద్యార్థులకూ మధ్య తగినంత సంభాషణ లేదని ఆక్షేపిస్తూ అక్కడి విద్యాశాఖ తనిఖీ విభాగం 2017లో ఆ సంస్థ నుంచి విద్యార్థి సహాయంగా అందిన ప్రభుత్వ సొమ్ము 71 కోట్ల డాలర్లకు పైగా తిరిగి రాబట్టాలని సూచించింది. 2019లో విద్యాశాఖ ఆ అవసరం లేదని తేల్చింది. వివాదమంతా బోధన గురించే తప్ప వేగం గురించి కాదని గమనించాలి. పాఠం ఎవరు చెబుతారు, సందేహానికి జవాబు ఎవరిస్తారు, పరీక్షలో పర్యవేక్షణ ఉంటుందా అన్నవే మనం అడగవలసిన ప్రశ్నలు.

అపోహ: మన దేశంలోనూ ఏడాదిలో డిగ్రీ తెచ్చుకోవచ్చు.

వాస్తవం: మూడేళ్ల డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు (చదువు పరిమాణాన్ని కొలిచే యూనిట్లు) కావాలి. వేగంగా చదివేవారికి విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ ఇటీవల ఇచ్చిన సడలింపు కూడా దానిని ఐదు సెమిస్టర్లకు కుదించే మేరకే, క్రెడిట్లు తగ్గవు. ‘వన్ సిట్టింగ్’ (అన్నేళ్ల పరీక్షలూ ఒకేసారి) అని, పాత తేదీతో డిగ్రీ ఇప్పిస్తామని చెప్పేవారి వద్ద ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

అపోహ: విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉంటే చాలు.

వాస్తవం: మన ప్రాంతంలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండడం వేరు, మీరు చేరే కోర్సును మీరు చేరే సంవత్సరంలో దూరవిద్యగా గాని ఆన్‌లైన్‌లో గాని నడిపేందుకు అనుమతి ఉండడం వేరు. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన రాష్ట్రపు ఎల్లలు దాటి నడపరాదు కనుక, ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో చెల్లే అధ్యయన కేంద్రం పక్కనే ఉన్న పర్లాకిమిడిలో చెల్లదు. ఆన్‌లైన్ కోర్సుకు ఈ ఎల్లలు లేవు గాని, ఫ్రాంచైజీలు నిషిద్ధం. కాబట్టి ‘మా సెంటర్ ద్వారానే చేరాలి’ అనే మాటను నమ్మనవసరం లేదు. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి డిగ్రీలను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి అనుమతే లేదు. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో 2017 నవంబరులో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు (విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు) దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలలో 2001-05 మధ్య చేరినవారివి నిలిపివేసి మళ్లీ పరీక్ష రాయమంది. ఆ తరువాత చేరినవారివి రద్దు చేసింది. అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడి, ఆ డిగ్రీలతో పదోన్నతులు పొందినవారు కూడా వారిలో ఉన్నారు.

అపోహ: ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీకి సాటిరాదు.

వాస్తవం: అనుమతి ఉన్న సంస్థ ఇచ్చినదైతే సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

అపోహ: వివరాలన్నీ ఏజెంటు చూసుకుంటాడు.

వాస్తవం: యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో కోర్సు, సంవత్సరం వారీగా అనుమతుల జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే విద్యార్థి అక్కడే డెబ్-ఐడీ (ఆ విభాగం విద్యార్థికిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవడం తప్పనిసరి. ఆ ఐడీ మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో మీరే తీసుకోండి. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టి రసీదు దాచుకోండి. విదేశీ డిగ్రీ అయితే, ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగానికి అది మన డిగ్రీతో సమానమనే ధ్రువీకరణ దొరుకుతుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.