బిళ్లలో ఉండేది మందొక్కటే కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఫార్ములేషన్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మందును కనిపెట్టేది వేరేవాళ్లు. దాన్ని మింగడానికి వీలుగా తయారుచేసి, ఒంట్లో ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంగా కరగాలో చూసుకునేది మేము. "పొడి కలిపి బిళ్ల నొక్కడమేగా" అని చుట్టాలు తేల్చేస్తే నవ్వి ఊరుకుంటాను. కొన్ని మాటలకు మాత్రం ఊరుకోబుద్ధి కాదు.

అపోహ: మందు తప్ప బిళ్లలో మిగతాదంతా ఉత్త పిండే

బరువు లెక్కన చూస్తే అలాగే అనిపిస్తుంది. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల బిళ్ల బరువు సుమారు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే అందులో మందు రెండు వేలో వంతు. మిగతావాటిని మేము ఎక్సిపియంట్లు అంటాం. లేబుల్ మీద మాత్రం 'ఇనాక్టివ్' అని ఉంటుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఒక్కరోజైనా ల్యాబ్‌లో కూర్చున్నారా అని నా అనుమానం.

1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ క్యాప్సూళ్లలో కాల్షియం సల్ఫేట్ తీసేసి దాని స్థానంలో లాక్టోజ్ నింపారు. మందు మోతాదు రవ్వంత కూడా మారలేదు. అయినా అవి వాడినవాళ్లలో రక్తంలో మందు పెరిగిపోయి, విషలక్షణాలు మొదలయ్యాయి. పాత క్యాప్సూల్లో కాల్షియం వల్ల మందులో కొంత ఒంటికి పట్టేది కాదు. వాళ్ల మోతాదులన్నీ ఆ తగ్గిన లెక్కకే సరిపడేలా కుదిరి ఉన్నాయి. లాక్టోజ్ రాగానే ఆ లెక్క తప్పింది. అంతకు ముందు, 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ సిరప్ తాగి వందమందికి పైగా చనిపోయారు. వాళ్లను చంపింది మందు కాదు, దాన్ని కరిగించడానికి వాడిన డైఇథిలీన్ గ్లైకాల్. మార్కెట్లోకి రాకముందే మందు సురక్షితమని నిరూపించాలన్న 1938 నాటి అమెరికా చట్టానికి కారణం ఆ ఘటనే.

నా చేతుల మీదుగా జరిగిన చిన్న నిర్వాకం కూడా చెబుతాను. పొడి మిషన్‌కు అంటుకోకుండా చివర్లో మెగ్నీషియం స్టియరేట్ ఒక శాతం దాకా కలుపుతాం. దాన్ని రెండు మూడు నిమిషాలు తిప్పితే చాలు. కొత్తలో ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ బ్లెండర్‌ను ఇరవై నిమిషాలు వదిలేశాను. బిళ్లలు నున్నగా, ముచ్చటగా వచ్చాయి. తీరా నీళ్లలో వేస్తే అరగంటైనా సగం మందు కూడా బయటికి రాలేదు. ఆ జిడ్డు పొడి ప్రతి రేణువుకూ పట్టేసి, నీటిని దగ్గరికి రానివ్వలేదు. బ్యాచ్ మొత్తం పారబోశాం.

అపోహ: మింగలేకపోతే ఏ బిళ్లనైనా నూరి ఇచ్చేయొచ్చు

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మామూలు బిళ్లల్లో చాలావాటిని నూరినా ఫర్వాలేదు. కానీ ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్‌నే తీసుకోండి. ఆ పొడిని ల్యాబ్‌లో ఆమ్లంలో వేస్తే నిమిషాల్లోనే చెడిపోయి ముదురు రంగుకు తిరుగుతుంది. పొట్టలో ఉండేదీ ఆమ్లమే. అందుకే పొట్టలో కరగకుండా, చిన్నపేగు చేరాక కరిగే పూత వేస్తాం. ఆ పూతను పరీక్షించేటప్పుడు ఆరు గాజు పాత్రల్లో ఒక్కో బిళ్ల వేసి, 37 డిగ్రీల వేడిలో, ముందు రెండు గంటలు ఆమ్లంలో తిప్పుతాం. అప్పటిదాకా పూత నిలబడాలి. తర్వాత పేగులాంటి వాతావరణం కోసం ద్రవం పీహెచ్‌ను 6.8కి మారుస్తాం. అక్కడ పూత చెక్కుచెదరకపోతే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఇన్ని రోజులు తంటాలు పడి వేసిన పూతను రోట్లో వేసి రెండు దెబ్బల్లో పొడి చేసేస్తే ఇక చెప్పేదేముంది.

రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యే బిళ్లల సంగతి ఇంకా ప్రమాదం. పేరు చివర ఎక్స్‌ఆర్, ఎస్‌ఆర్, ఈఆర్ అని ఉంటే ఒక రోజంతా లేదా సగం రోజు సరిపడే మందు ఒకే బిళ్లలో ఉందని అర్థం. నూరితే అదంతా ఒక్కసారే రక్తంలోకి పోతుంది. 2005లో పల్లడోన్ అనే నొప్పి మందును అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు. మద్యంతో కలిపి మింగితే దాని విడుదల వ్యవస్థ దెబ్బతిని, మందంతా ఒక్కసారే బయటపడే ప్రమాదం ఉందని తేలడమే కారణం.

మరి కొన్ని ఎస్‌ఆర్ బిళ్లల మీద మధ్యలో గీత ఎందుకుంటుందని అడుగుతారు. బీపీకి వాడే మెటోప్రొలాల్ సక్సినేట్ బిళ్లల్లో కొన్ని రకాలు వందలాది చిన్న గుళికలు కలిపి నొక్కినవి. ఒక్కో గుళికకు విడిగా పూత ఉంటుంది కాబట్టి గీత దగ్గర రెండుగా విరిచినా పూతలు అలాగే ఉంటాయి. నమిలితేనో నూరితేనో మాత్రం ఆ గుళికలే పగులుతాయి. ఏది విరవొచ్చో, ఏది కూడదో ఫార్మసిస్టును అడగండి.

అపోహ: బిళ్ల అలాగే బయటికొచ్చేసింది, అంటే మందు పట్టలేదు

మలంలో బిళ్ల కనబడిందని కంగారుగా వచ్చేవాళ్లుంటారు. అది చాలాసార్లు ఖాళీ డొల్ల. 1989లో నిఫెడిపిన్ అనే బీపీ మందుతో వచ్చిన ఓ రకం బిళ్ల చుట్టూ కరగని పొర, దానికి లేజర్‌తో పెట్టిన సన్నని రంధ్రం ఉంటాయి. నీరు లోపలికి ఊరుతుంటే అడుగున ఉన్న పదార్థం ఉబ్బి, పై పొరలోని మందును ఆ రంధ్రంలోంచి నెమ్మదిగా తోస్తుంది. పనయ్యాక పొర ఉన్నదున్నట్టు బయటికొస్తుంది.

అపోహ: జెనరిక్‌లో మందు 20 శాతం తగ్గినా ఒప్పుకుంటారు

80 నుంచి 125 శాతం అనే అంకెను తప్పుగా చదవడం వల్ల పుట్టిన మాట ఇది. బిళ్లలో మందు ఎంత ఉండాలన్న రూలు బ్రాండుకూ జెనరిక్‌కూ ఒకటే. ఈ 80–125 అన్నది వలంటీర్లకు రెండు మందులూ ఇచ్చి, రక్తంలో చేరిన మొత్తాన్ని పోల్చినప్పుడు వచ్చే నిష్పత్తికి పెట్టిన హద్దు. సగటు ఒక్కటే కాదు, దాని 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే అంచనా) మొత్తం ఆ హద్దుల్లోపలే పడాలి. నిజంగా 20 శాతం తక్కువున్న మందు ఆ పరీక్షలో దాదాపు ఎప్పుడూ నెగ్గదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన దగ్గరున్న 2,070 అధ్యయనాలను కలిపి చూస్తే, రక్తంలో చేరిన మొత్తంలో సగటు తేడా సుమారు 3.5 శాతమే. అయితే మోతాదు కాస్త మారినా తేడా చేసే ఫెనిటాయిన్, లెవోథైరాక్సిన్ లాంటి మందులను నెలకో కంపెనీవి మార్చి మార్చి వాడటం నాకూ ఇష్టం ఉండదు. మార్చాల్సి వస్తే డాక్టర్‌కు చెప్పండి.

అపోహ: నానో మందు నేరుగా జబ్బున్న చోటికే పోతుంది

పోదు. 1995లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ (అతి చిన్న కొవ్వు బుడగల్లో నింపిన క్యాన్సర్ మందు) వల్ల గుండెకు హాని తగ్గింది, అది గొప్ప విషయమే. బదులుగా అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కడం ఎక్కువైంది. పదేళ్ల జంతు ప్రయోగాలను 2016లో కలిపి లెక్కిస్తే, ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరింది 0.7 శాతం (మధ్యస్థ విలువ). మిగతావాటిలో పెద్ద వాటా కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

అపోహ: ఇంజెక్షన్ మందును బిళ్లగా మార్చడం ఎంతసేపు

ఇన్సులిన్‌ను మనిషికి తొలిసారి ఎక్కించింది 1922లో. దాన్ని నోటి ద్వారా ఇవ్వాలని అప్పటినుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఇలాంటి మందులను పొట్ట మాంసకృత్తుల్లాగే అరిగించేస్తుంది. షుగర్‌కు వాడే సెమాగ్లుటైడ్ బిళ్ల 2019లో వచ్చిందంటే దానికి కారణం స్నాక్ (SNAC) అనే తోడు పదార్థం. తొలి రూపంలో గరిష్ఠ మోతాదు రోజుకు 14 మిల్లీగ్రాములైతే, స్నాక్ 300 మిల్లీగ్రాములు. బిళ్ల చుట్టూ కాసేపు ఆమ్లాన్ని తగ్గించి, మందును పొట్ట గోడ దాటిస్తుంది. ఇంత చేసినా రక్తంలోకి చేరేది ఒక శాతానికి మించదు. ఇంజెక్షన్‌గా వారానికి 1 మిల్లీగ్రాము సరిపోయే చోట, బిళ్లగా వారానికి 98 మిల్లీగ్రాములు మింగాలి.

పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని నీళ్లతో వేసుకుని, అరగంట దాకా ఏమీ తినొద్దు, తాగొద్దు అనేది ఇందుకే. గ్లాసు నిండా నీళ్లు తాగితే ఆ స్నాక్ పలచబడిపోతుంది.