మొగ్గల శిలువ

పిల్లలూ,

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఉంటున్న మా మనవరాలు ఫోన్‌లో అడిగింది: "తాతయ్యా, మా బడి దగ్గర ఎగిరే మేరీలాండ్ జెండాలో ఎరుపూ తెలుపూ కలిసిన శిలువ ఉంది. చేతుల చివర్లు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. దాన్నేమంటారు?" జవాబు మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ధనుర్మాసంలో అమ్మమ్మ అరుగు మీద కూర్చునే ఎదురింటి పిన్నికి ముగ్గు చెప్పేది. గీసి చూపించేది కాదు. "తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చేదాకా సందు చుక్క" అనేది, అంతే. అదే మాట పక్క వీధిలో అత్తయ్యకి చేరవెయ్యడం నా పని. దారిలో జారిపోకుండా పైకి వల్లిస్తూ పరిగెత్తేవాణ్ణి. తెల్లారి చూస్తే రెండు వాకిళ్ళలోనూ ఒకే ముగ్గు! అత్తయ్య గీతలు కాస్త లావు.

యూరప్‌లో డాళ్ళ మీద వంశ చిహ్నాలు వేసేవాళ్ళదీ ఇదే పద్ధతి. బొమ్మ ఒక్కో చేతిలో ఒక్కోలా రావచ్చు, మాట మాత్రం మారకూడదు. ఆ మాటల వరసే బ్లేజన్. అందులో ఉత్త 'క్రాస్' అంటే డాలు అంచుల దాకా సాగే నిలువు పట్టీ, అడ్డపట్టీ. సందు చుక్క బదులు ఎదురు చుక్క అంటే ముగ్గే మారిపోయినట్టు, ఇక్కడా పక్కన ఒక్క మాట చేరితే చివర్లు మారిపోతాయి. 'పోటెంట్' అంటే ప్రతి చివరా ఊతకర్రకున్నట్టు అడ్డం. జెరూసలేం రాజ్య చిహ్నంలో నడిమి శిలువ అదే. 'మోలీన్' అంటే కొస చీలి రెండు పక్కలకీ వంపు తిరుగుతుంది. పిండిమర పైరాయికి బిగించే ఇనుప ముక్క ఆకారమది. మూల నుంచి మూలకి వాలితే 'సాల్టైర్'. స్కాట్లాండ్ జెండా చూడండి.

మనవరాలు చూసింది 'బోటొనీ'. ప్రతి కొసనా మూడేసి మొగ్గలు. మేరీలాండ్ ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ వలస రాజ్యం, కాల్వర్ట్ వంశం చేతిలో ఉండేది. వాళ్ళలో జార్జ్ కాల్వర్ట్ తల్లి పుట్టింటివారు క్రాస్‌లాండ్‌లు. ఈ శిలువ వాళ్ళది. నేల తెల్లగా ఉన్నచోట శిలువ ఎర్రన, ఎర్రగా ఉన్నచోట తెల్లన. బ్లేజన్‌లో ఇదంతా చెప్పడానికి పది మాటలైనా పట్టవు! అలా చెప్పాలంటే ముందు నిదానంగా చూడాలి పిల్లలూ. "ఏదో పువ్వులా ఉంది" అంటే ఎవరూ గియ్యలేరు.

ఇంకో సంగతి. మేరీలాండ్ జెండాకర్ర కొసన అలంకారం పెడితే అది బంగారు రంగు బోటొనీ శిలువే కావాలని 1945లో చట్టం చేశారు. అమ్మలూ, రేపు బడికెళ్ళినప్పుడు జెండా కన్నా పైకి చూడు. ఏముందో ఫొటో తియ్యకుండా మాటల్లోనే రాసి పంపు. ఇక్కడ నేను గీస్తాను.

మీ
తాతయ్య