ఎల్ఫ్ చెవులు ఎక్కడ పొడుగయ్యాయి

గొడవ మళ్లీ మొదలైంది. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపించే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) కొత్త పుస్తకంలోని బొమ్మలు బయటికొచ్చినా, ఇంకో కంపెనీ కొత్త ఆట ప్రకటించినా, వారం తిరక్కుండా ఎవరో ఒకరు అదే మాట అంటారు: "ఇది డీ అండ్ డీ కాదు, అనిమే." 2006లో అన్నారు, 2008లో అన్నారు, 2024లో ఆట ప్రధాన నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొత్తగా వచ్చినప్పుడూ అన్నారు. కోటలు, డ్రాగన్లు, ఎల్ఫ్‌లు ఉండే ఫాంటసీ ఒక ఇల్లని, జపాన్ బొమ్మల సినిమాలు ఎక్కడి నుంచో గోడ దూకి అందులో పడ్డాయని ఈ మాట అనేవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని ఎందుకు అనుకుంటున్నానో చెప్పడానికే ఈ కథనం.

ఆట పుట్టుక గురించి ఇక్కడ చెప్పను. 1974, ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్, ఆ సంగతులు ఆడేవాళ్లందరికీ తెలుసు. ఈ తగువు అర్థం కావాలంటే చూడాల్సిన సంవత్సరం 1986.

అంతకు ముందు ఏడాదే షిన్వా అనే కంపెనీ డీ అండ్ డీ ఎర్ర పెట్టెను, అంటే కొత్తవాళ్ల కోసం ఎర్ర పెట్టెలో అమ్మే తొలి మెట్టు ఆటను, జపనీస్‌లో తెచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని, కాగితం, పాచికలు పెట్టుకుని కథ ఆడటం అంటే ఏమిటో అక్కడ చాలామందికి తెలియదు. వాళ్లకు తెలిసింది విజార్డ్రీ లాంటి కంప్యూటర్ గేమ్‌లు. అందుకని కాంప్‌టిక్ అనే కంప్యూటర్ గేమ్‌ల పత్రిక ఒక ఉపాయం చేసింది. నియమాలు వివరించే వ్యాసం వేయకుండా, కొందరు నిజంగా ఆట ఆడుతుంటే వాళ్ల మాటలను నాటకం స్క్రిప్టులా అచ్చేసింది. డీఎం (ఆట నడిపించే మనిషి) ఏమన్నాడు, ఆటగాడు ఏం బదులిచ్చాడు, పాచిక ఎంత పడింది, ఎవరు నవ్వారు, ఎవరు తల పట్టుకున్నారు, అన్నీ వరస తప్పకుండా. దీన్ని వాళ్లు రీప్లే అన్నారు. 1986 సెప్టెంబర్ సంచికతో మొదలైన ఆ రీప్లే పేరు లోడోస్ ద్వీప యుద్ధ గాథ. మనవాళ్లకు రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్ అంటే తెలుస్తుంది. డీఎం కుర్చీలో కూర్చున్నది ర్యో మిజునో. వెనక ఉండి నడిపించింది హితోషి యసుదా. వీళ్లంతా తర్వాత గ్రూప్ ఎస్ఎన్ఈ పేరుతో కోబె నగరంలో స్థిరపడ్డారు.

ఆ బల్ల దగ్గరున్న పాత్రలను ఒక్కసారి చూడండి. పార్న్ అనే ఫైటర్, ఎటో అనే క్లెరిక్, స్లేన్ అనే మేజిక్ యూజర్, వుడ్‌చక్ అనే దొంగ, గిమ్ అనే డ్వార్ఫ్, డీడ్‌లిట్ అనే ఎల్ఫ్. ఎర్ర పెట్టె ఆడినవాళ్లు ఈ ఆరుగురిని చూడగానే గుర్తుపడతారు. ఆ పెట్టెలో ఎల్ఫ్ అంటే జాతి ఒక్కటే కాదు, అదే క్లాస్ కూడా, అంటే ఫైటర్, దొంగ లాంటి పాత్ర వృత్తి. డ్వార్ఫ్ సంగతీ అంతే. అంటే జపాన్ ఫాంటసీ అనిమేకు తల్లివేరు అనదగ్గ ఈ కథలోని జట్టు, అమెరికా రూల్ బుక్‌లోని క్లాసుల వరసను ఉన్నదున్నట్టు ఎక్కించుకున్న ఆరు క్యారెక్టర్ షీట్లు (పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు). తరాల తరబడి అభిమానులను కట్టిపడేసిన డీడ్‌లిట్‌ను ఆ బల్ల దగ్గర ఆడించింది హిరోషి యమమోటో అనే సైన్స్ ఫిక్షన్ రచయిత.

ఆ డీడ్‌లిట్‌కు బొమ్మ గీసింది యుటకా ఇజుబుచి. ఆయన అప్పటికి రోబోల అనిమేలకు యంత్రాలు గీసే మనిషి. అమెరికా పుస్తకాల్లో ఎల్ఫ్ చెవి అంటే మనిషి చెవే, కొస కాస్త మొనదేలి ఉంటుంది, జుట్టు అడ్డం పడితే కనపడదు. ఇజుబుచి గీసిన చెవులు పక్కలకు సాగి, జుట్టును చీల్చుకుని, తల వెడల్పు దాటి బయటికొచ్చాయి. దూరం నుంచి నీడ చూసినా ఎల్ఫ్ అని తెలుస్తుంది. ఆ తర్వాత జపాన్‌లో గీసిన ఎల్ఫ్‌లకు ఇదే నమూనా అయింది. ఈరోజు ఎవరైనా ఒక బొమ్మ చూపించి "చెవులు చూడు, అనిమే ఎల్ఫ్" అంటే, వాళ్లు చూపిస్తున్నది డీ అండ్ డీ సెషన్ కోసం గీసిన పాత్ర చెవులనే.

ఇక్కడే అసలు మలుపు ఉంది. రీప్లే పుస్తకంగా వేయాల్సి వచ్చేసరికి హక్కుల చిక్కు వచ్చింది. ఆట నియమాలు అమెరికా కంపెనీవి. దాంతో మిజునో బృందం వేరు కుంపటి పెట్టుకుంది. లోడోస్ కోసం 1989లో సొంత నియమాల పుస్తకం తెచ్చుకున్నారు. అదే ఏడాది గ్రూప్ ఎస్ఎన్ఈ నుంచి సోర్డ్ వరల్డ్ అనే ఆట వచ్చింది. జేబులో పట్టే బుంకో సైజు పుస్తకం, చవక ధర, ఏ ఇంట్లోనైనా దొరికే ఆరు ముఖాల పాచికలు రెండు. స్కూలు పిల్లలు కొనుక్కోగలిగిన ఆట అది. పెద్ద పెట్టె, ఇరవై ముఖాల పాచిక, దిగుమతి సరుకు అన్న ఇబ్బందులు ఒక్క దెబ్బతో పోయాయి. ఆ హక్కుల చిక్కే రాకపోతే జపాన్ ఆటగాళ్లు చాలాకాలం అమెరికా పుస్తకాల అనువాదాలే ఆడుతూ ఉండేవాళ్లని నా నమ్మకం. వేరుపడ్డారు కాబట్టే అక్కడి ఫాంటసీ సొంత దారిలో పెరిగింది. మిజునో నవలలు 1988లో మొదలయ్యాయి. 1990లో మాడ్‌హౌస్ స్టూడియో 13 భాగాల అనిమే మొదలుపెట్టింది. దాని మొదటి భాగంలో జట్టు నడిచేది భూగర్భంలోని పాత సొరంగాల్లో. అంటే డంజన్‌లో.

ఆ 13 భాగాలు 1990ల్లో వీడియో క్యాసెట్లుగా అమెరికా చేరాయి. అక్కడ చూసినవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే డీ అండ్ డీ పుస్తకాలున్నాయి. తమ ఆటే తెర మీద కదులుతున్నట్టు చూశారు వాళ్లు. పెళ్లై దూరదేశం వెళ్లిన ఆడపడుచు బిడ్డలతో పుట్టింటికొస్తే, పిల్లల యాస వేరుగా ఉందని గుమ్మంలోనే నిలబెట్టి "మీరెవరు" అని అడగడం ఎంత సబబో, ఇప్పుడు జరుగుతున్న వాదన అంత సబబు.

తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1997లో కెనడా నుంచి బిగ్ ఐస్, స్మాల్ మౌత్ వచ్చింది, పేరులోనే అనిమే ముఖం ఉన్న ఆట. 2001లో వైట్ వుల్ఫ్ కంపెనీ ఎగ్జాల్టెడ్ తెచ్చింది. అందులో ఒక చిన్న నియమం నాకు చాలా ఇష్టం. "కొడుతున్నా" అని ఊరుకుంటే మామూలు పాచికలే. "దీపస్తంభం పట్టుకుని గిర్రున తిరిగి, పడుతున్న నూనె చుక్కల మధ్య నుంచి కత్తి దూస్తున్నా" అని చెబితే అదనపు పాచికలు. వర్ణనకు ప్రతిఫలం ఇచ్చే ఆ నియమంలో అనిమే పోరాట దృశ్యాల ఊపు నేరుగా కనిపిస్తుంది. 2003లో స్లేయర్స్ అనే జపాన్ ఫాంటసీని డీ అండ్ డీ మూడో ఎడిషన్ నియమాల్లోకి మార్చి పుస్తకంగా వేశారు. ఆడపడుచు బిడ్డ మేనమామ ఇంటిపేరు పెట్టుకున్నట్టే.

ఈ తగువు ఇంత వేడెక్కడానికి కారణం మాత్రం 2006లో వచ్చిన టోమ్ ఆఫ్ బ్యాటిల్. దీన్నే బుక్ ఆఫ్ నైన్ సోర్డ్స్ అంటారు. మూడో ఎడిషన్‌లో ఒక బాధ ఉండేది. అయిదో లెవెల్‌కు వచ్చేసరికి మంత్రగాడైన విజార్డ్ గాల్లోకి ఎగురుతాడు, అగ్నిగోళం విసురుతాడు. అదే లెవెల్‌లో ఫైటర్ నేల మీద నిలబడి కత్తి ఊపుతాడు. పదో లెవెల్‌లోనూ కత్తే ఊపుతాడు, కాకపోతే ఇంకోసారి ఎక్కువ. టోమ్ ఆఫ్ బ్యాటిల్ వార్‌బ్లేడ్, క్రూసేడర్, సోర్డ్‌సేజ్ అనే మూడు క్లాసులిచ్చి, కత్తి పట్టినవాళ్లకు తొమ్మిది విద్యాసంప్రదాయాలు పెట్టింది. మౌంటెన్ హ్యామర్ అనే దెబ్బ తీసుకోండి: రెండు పాచికల అదనపు నష్టం, పైగా ఎదుటివాడి చర్మం రాయంత గట్టిదైనా దెబ్బ ఆగదు. ఇలాంటి దెబ్బలకు పేర్లున్నాయి, నేర్చుకునే క్రమం ఉంది. ఆసియా పోరాట సినిమాలు, అనిమే, వీడియో గేమ్‌ల ప్రభావం ఉందని రాసినవాళ్లు దాచుకోలేదు.

అందుకే తిట్లు తిన్నారు. కత్తితో మంత్రాలేమిటి, ఇది మా ఆట కాదు అన్నారు. ఆ పుస్తకానికి ఎగతాళి పేర్లు పెట్టారు. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చి ప్రతి క్లాసుకూ పేరున్న శక్తులు ఇచ్చేసరికి ఆ కోపం రెట్టింపైంది. నాలుగో ఎడిషన్ కోసం రాసుకున్న తొలి చిత్తుల్లోంచే టోమ్ ఆఫ్ బ్యాటిల్‌కు కొంత సరుకు తీసుకున్నారు కాబట్టి, రెండిటికీ చుట్టరికం ఉందన్న అనుమానం నిజమే.

వ్యతిరేకించేవాళ్ల మాటలో పస లేదనను. వాళ్లు కోరుకునే ఆట ఒకటుంది. చేతిలో కాగడా ఆరిపోతుందేమో, తిండి అయిపోతుందేమో, తలుపు వెనక ఉన్నది ఒక్క దెబ్బకు చంపేస్తుందేమో అన్న భయంతో నడిచే ఆట. ఫైటర్ మామూలు మనిషిగా ఉంటేనే ఆ భయానికి విలువ. ఆ ఆట నేనూ ఆడాను, బాగుంటుంది. కానీ అసాధ్యం చేసే యోధుడు జపాన్ నుంచి వచ్చాడనడం చరిత్ర కాదు. ఉత్త చేతులతో పోరాడే మంక్ క్లాసు 1975లోనే డీ అండ్ డీకి వచ్చిన బ్లాక్‌మూర్ అనే అనుబంధ పుస్తకంలో ఉంది.

నేను డీఎంగా ఉండే మా ఆదివారం బల్ల దగ్గర ఈ తగువు కళ్లారా చూశాను. డీమన్ స్లేయర్ అనే అనిమే తెలుగు డబ్బింగ్‌లో థియేటర్‌లో చూసి, అది చూసిన ఊపులో ఒక కుర్రాడు ఆటకొచ్చాడు. ఫైటర్ తీసుకున్నాడు. మూడో వారం, ఇరుకు సందులో ఓగర్ అనే భారీ రాక్షసి ఎదురైంది. "అన్నా, గోడ మీద రెండడుగులు పరుగెత్తి దాని భుజం మీదికి దూకొచ్చా?" అన్నాడు. పదేళ్లుగా ఆడుతున్న ఒకాయన పెదవి విరిచాడు. పాచిక వేయించాను. ఇరవైకి పదిహేడు పడింది. పెదవి విరిచినాయనే కుర్చీలోంచి లేచి "మెడ మీద కొట్టరా!" అని అరిచాడు. 2024 పుస్తకంలో ఫైటర్‌కు ఆయుధాన్ని బట్టి పడగొట్టడం, నెట్టడం, ఒక్క వేటుకు ఇద్దరిని కొట్టడం వంటివి పేర్లతో సహా ఇచ్చారు. 2006లో తిట్లు తిన్న ఆలోచన సౌమ్యంగా లోపలికొచ్చి కూర్చుంది.

ఇంకో సంగతి. అనిమే ప్రభావం అనగానే మనిషంత కత్తి గుర్తొస్తుంది గానీ, జపాన్ నుంచి వచ్చిన ర్యూతామా అనే ఆటలో మామూలు జనం ఊరు నుంచి ఊరికి నడుస్తారు. రోజూ పొద్దున్నే ఒంట్లో ఎలా ఉందో చూడటానికి పాచిక, దారి తప్పకుండా ఉండటానికి పాచిక, రాత్రి గుడారం సరిగ్గా పడటానికి పాచిక. దాని బాటలోనే ఇటలీలో తయారైన ఫాబులా అల్టిమా 2023లో ఇలాంటి బల్ల ఆటలకిచ్చే ఎన్నీ అవార్డుల్లో ఉత్తమ ఆటగా బంగారు పతకం అందుకుంది.

తిండి, బరువు, ప్రాణభయం పాత ఆటవే అనేవాళ్లు 2024లో వచ్చిన డెలిషస్ ఇన్ డంజన్ అనే అనిమే చూడాలి. ర్యోకో కుయి మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారంగా ట్రిగ్గర్ స్టూడియో తీసిన 24 భాగాలు. కథానాయకుడి చెల్లెలిని డ్రాగన్ మింగేసింది, చేతిలో డబ్బుల్లేవు, తిండి కొనలేరు, అందుకని డంజన్‌లో దొరికిన ప్రాణులనే వండుకుని కిందికి దిగుతారు. మొదటి వంట పెద్ద తేలు, నడిచే పుట్టగొడుగు కలిపిన పులుసు. మూటలో ఏముంది, ఇంకెన్ని రోజులొస్తుంది అన్న లెక్క ఇంత శ్రద్ధగా చేసిన కథ అమెరికా తెర మీద నేను చూడలేదు.

అందులో కూరో అని ఒక కోబోల్డ్ ఉంటాడు. కోబోల్డ్ అంటే డీ అండ్ డీలోనూ కనిపించే పొట్టి ప్రాణి. కుక్క ముఖం, కుక్క చెవులు. అది చూసి "కోబోల్డ్ అంటే బల్లి కదా, దీన్ని జపాన్‌వాళ్లు కుక్కను చేశారు" అని రాసినవాళ్లున్నారు. కోబోల్డ్‌ను డ్రాగన్ల చుట్టంగా, బల్లిలా మార్చింది 2000లో వచ్చిన మూడో ఎడిషన్. షిన్వా 1985లో అనువదించిన ఎర్ర పెట్టె తెరిచి చూస్తే, కోబోల్డ్ అంటే కుక్కలాంటి పొట్టి మనిషి అనే రాసి ఉంటుంది. అమెరికా మార్చేసుకుంది, జపాన్ ఉన్నది ఉన్నట్టు దాచింది.